బ్రిగిదా గారి ఇసుకలో మెట్లు

మా ప్రయోగశాలలో ఇసుక పొయ్యడం ఒక ఉద్యోగం. దాని లోపలి ఫోటోలు తియ్యడం ఇంకొక ఉద్యోగం. మొదటిది బ్రిగిదా ఫోర్మెలా గారిది, రెండోది నాది. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. మా అత్తగారు ఆరేళ్లుగా చుట్టాలందరికీ నన్ను "ఇసుకని ఎక్స్‌రే తీసే అల్లుడు" అనే పరిచయం చేస్తోంది. వాళ్లు వెంటనే ఇసుకకి ఏం జబ్బు చేసిందని అడుగుతారు. ఏటా అదే ప్రశ్న, ఏటా అదే నవ్వు.

జబ్బు లేకపోలేదు. మాది గ్దాన్స్క్ రేవుపట్నం, ఊరి కింద ఉన్నదంతా ఇసుకే. రేవులో క్రేను నిలబెట్టాలన్నా, సముద్రం ఒడ్డున గోడ కట్టాలన్నా, కింద ఇసుక ఎంత వదులుగా ఉందో, నీళ్లు చేరితే ఆ వదులు ఎలా కూలుతుందో ముందే తెలియాలి. అందుకని కొంత ఇసుకను గొట్టంలో పోసి, తడిపి, నొక్కి చూస్తారు. ఆ గొట్టంలో ఇసుక అడుగు నుంచి పైదాకా ఒకే తీరుగా ఉండాలి. ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా ఉందంటే అది ఉప్పు సరిగ్గా కలవని సూపు లాంటిది. ఒక్కొక్కరి చెంచాకి ఒక్కొక్క రుచి తగులుతుంది, వంట మీద తీర్పు చెప్పడం ఎవరి తరమూ కాదు.

బ్రిగిదా గారు ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఉప్పు సరిగ్గా కలుపుతున్న మనిషి. ఆవిడ పుట్టింది పుత్స్క్ అఖాతం ఒడ్డున కషూబ్ అనే తీరప్రాంతపు జాతివాళ్ల పల్లెలో. తండ్రికి హెరింగ్ చేపల పడవ ఉండేది. ఈవిడకేమో చేపల వాసన గిట్టదు. ఆ ఊళ్లో ఆ మాట పైకి చెప్పుకోవడం దొంగతనం ఒప్పుకోవడం కంటే కష్టం కాబట్టి, చదువు పేరు చెప్పి పట్నం వచ్చి, చదువు మానేసి, ఒక కేకుల దుకాణంలో చేరారు. కేకుల మీద పంచదార పొడి జల్లడం ఆవిడ పని. ఐదేళ్లు జల్లారు. దుకాణం మూతపడ్డాక మా ప్రయోగశాలలో నేల తుడవడానికి వచ్చారు.

అప్పట్లో ఇసుక పోసే ఆయన ఒక లావుపాటి మనిషి. ఆయన పని చూస్తూ ఈవిడ నేల తుడిచే కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డారట.

"అలా ఒక్కచోటే కుమ్మరిస్తే మధ్యలో గుట్ట పడదూ?"

"నీ పని నువ్వు చూసుకోవమ్మా."

"నా పనే చూసుకుంటున్నా. మీరు ఒలకబోసిందంతా ఎత్తేది నేనే."

ఆయనకు ఒళ్లు మండి, "అంత తెలిస్తే నువ్వే పొయ్యి తల్లీ," అని గరాటు ఈవిడ చేతికిచ్చాడు. ఈవిడ పోశారు. అప్పటికి స్కానర్లు లేవు. పోసిన ఇసుక ఎత్తు కొలిచి, తూకం వేసి, ఎంత బిగువుగా ఉందో లెక్కగట్టేవాళ్లు. పది గొట్టాలు పోస్తే పదీ గ్రాము తేడా లేకుండా వచ్చాయి. తరువాతి నెల నేల తుడిచే కర్ర ఇంకొకరి చేతికి పోయింది.

ఇదంతా నేను చేరకముందు కథ. ఆవిడ చెప్పింది కాదు, మిగతావాళ్లు చెప్పుకునేది. ఆవిడ తన గురించి చెప్పుకునే మనిషి కాదు. అడిగితే, "చెయ్యి దానంతట అదే పోతుంది," అని ఊరుకునేవారు.

స్కానర్ ఆరేళ్ల క్రితం వచ్చింది. ఎక్స్‌రే కిరణాల ముందు గొట్టం తనచుట్టూ తాను మెల్లగా తిరుగుతుంది. గంటన్నర తరువాత తెర మీద ఇసుక లోపలి బొమ్మ వస్తుంది, అడ్డంగా కోసిన సాసేజ్ ముక్కల్లా, ఒకటి కింద ఒకటి, వెయ్యికి పైగా. రేణువులు తెల్లగా కనిపిస్తాయి, వాటి మధ్య ఖాళీలు నల్లగా. ప్రతి ముక్కలోనూ నలుపు ఎంత వంతో లెక్కపెట్టి, అడుగు నుంచి పైదాకా ఒక గీత గీయిస్తాను. ఇసుక ఒకే తీరుగా పడితే గీత తాపీమేస్త్రి తూకం దారంలా నిటారుగా దిగుతుంది. బ్రిగిదా గారి గొట్టాలకు ఎప్పుడూ అలాగే దిగేది.

కలీనా పరిశోధన మొదలయ్యే దాకా.

కలీనా మా దగ్గర డాక్టరేట్ చేస్తున్న అమ్మాయి. చురుకైనది, మాటకు మాట అప్పజెప్పేది. ఆమెకు కావలసింది మామూలు ఇసుక కాదు, ఉండగలిగినంత వదులైన ఇసుక. రేణువు మీద రేణువు ఊరికే ఆనుకుని, ఎవరైనా తుమ్మితే కూలిపోతానన్నట్టు ఉండాలి. దానికోసం బ్రిగిదా గారు గరాటు మూతిని ఇసుకకు ఆనీ ఆనకుండా ఉంచి, నిద్రపోతున్న పాపాయిని ఉయ్యాల్లో దించినంత మెల్లగా పొయ్యాలి. ఒక్కొక్క గొట్టానికి పదకొండు నిమిషాలు పట్టేది. గొట్టం జానెడు కూడా ఉండదు.

ఇంతకుముందు గొట్టాలు చక్రాల బండి మీద నా గదికి వచ్చేవి. ఈ సున్నితమైన వాటికి బండి పనికిరాదని, నేనే స్వయంగా వెళ్లి, ఆవిడ పోస్తున్నంతసేపూ పక్కనే నిలబడి, అయ్యాక పళ్లెంలో పెట్టుకుని నడిచి తెచ్చేవాడిని. బూట్లు తీసేసి ఇంట్లో వేసుకునే ఉన్ని చెప్పులతో, అడుగులో అడుగు వేసుకుంటూ. నడవాలో ఎదురైనవాళ్లంతా గోడకు అతుక్కుని, "తప్పుకోండి, పెళ్లికూతురు వస్తోంది!" అని అరిచేవాళ్లు. యాభై రెండేళ్ల పొట్ట ఉన్న పెళ్లికూతురు. అదీ భరించాను.

మొదటి గొట్టం బొమ్మ చూసి నా కళ్లు నేనే నమ్మలేదు. గీత నిటారుగా లేదు. మూడోవంతు ఎత్తులో ఒక మెట్టు, ఇంకాస్త పైన ఇంకొక మెట్టు. మెట్టు కింద ఇసుక బిగువుగా, పైన వదులుగా. రెండో గొట్టంలో ఒక మెట్టు. మూడోదానిలో మూడు.

"మీరు మోసుకొచ్చేటప్పుడు కుదిపారేమో," అంది కలీనా.

నాకు కోపం వచ్చింది. నేను ఉన్ని చెప్పులు వేసుకుని అవమానాలు పడుతున్నది ఎందుకట?

"చూడమ్మాయ్, నడకలో కుదుపు తగిలితే గొట్టం మొత్తానికి తగులుతుంది. పై భాగం ఇంత వదులుగా మిగలదు. ఇది పోస్తూ ఉండగానే జరిగింది. సగం పోశాక ఏదో కదిలింది, అప్పటిదాకా పడిన ఇసుక కూర్చుకుంది, ఆ తరువాత పడింది వదులుగానే ఉంది. అర్థమైందా?"

"అయింది. మరి పోస్తూ ఉండగా కదిలేది ఏముంటుంది?"

ఏముంటుంది? పోసే చెయ్యి. ఈ మాట ముందు నేను అనలేదు, మనసులో అనుకున్నాను. మా ప్రయోగశాల పెద్ద ప్రొఫెసర్ స్తెంకా అడిగినప్పుడు మాత్రం అన్నాను. దీన్ని దాచను. "బ్రిగిదా గారికి యాభై ఎనిమిది వచ్చాయి కదా. చెయ్యి మునుపటిలా..." అని అంతటితో ఆపాను. సగంలో ఆపిన మాట పూర్తి మాట కంటే వేగంగా పోతుందని నాకు తెలియక కాదు.

ప్రొఫెసర్ స్తెంకా చెడ్డవాడు కాదు. దేన్నయినా గీతలో చూపిస్తే నమ్ముతాడు, అంతే. ఆయన ఆవిడను పిలిచి, చాలా మర్యాదగా, ఇసుక పోసే యంత్రాలు ఇప్పుడు బాగా వస్తున్నాయని, పింఛనుకు ఇంకా రెండేళ్లే ఉంది కాబట్టి ఈలోగా సరుకు గదిలో ఇసుక సంచులకు చీటీలు అతికించే పని చూసుకుంటే శ్రమ తగ్గుతుందని చెప్పాడు. ఇంకొక రెండు గొట్టాలు చూద్దామనీ, అవీ మెట్లతోనే వస్తే సోమవారం బదిలీ కాగితం మీద సంతకం పెడతాననీ అన్నాడు.

బ్రిగిదా గారు తల ఊపి, తిరిగి వచ్చి, గరాటు కడిగి ఆరబెట్టుకున్నారు. నన్ను ఏమీ అడగలేదు. నేనే ఉండబట్టలేక, "ఒంట్లో బాగుంటోందా?" అన్నాను.

"బాగానే ఉంది."

"నిద్ర?"

"ఇరెక్, నువ్వు డాక్టరువి ఎప్పుడయ్యావురా?"

నిజానికి అంతకుముందు పోసినవాటిలో రెండు గొట్టాలు ఏ మెట్టూ లేకుండా వచ్చాయి. ఒకటి నేను పన్ను పీకించుకోవడానికి వెళ్లిన రోజుది, ఇంకొకటి స్కానర్ బాగుచేసేవాళ్లతో నేను తలపట్టుకుని కూర్చున్న రోజుది. ఆ రెండింటినీ పోసేటప్పుడు పక్కన నిలబడింది కలీనా.

"మీరు లేని రోజు ఇసుక బుద్ధిగా ఉంటోంది," అంది కలీనా నవ్వుతూ.

నేను దాన్ని తీవ్రంగానే తీసుకున్నాను. నా మనసు మంచిదని నాకు మొదటినుంచీ గట్టి నమ్మకం. కాబట్టి నాకు తోచిన అర్థం ఇది: నేను స్కానర్ మనిషిని, ఆవిడ తప్పులు బయటపెట్టేవాడిని. నేను పక్కన నిలబడితే ఆవిడకు కంగారు, కంగారుకు చెయ్యి వణుకుతోంది. పాపం, మెచ్చుకునేవాళ్లు లేకే ఇలా అయింది. ఈసారి ఆవిడకు ధైర్యం చెప్పాలి.

ఇసుక పోసే గది చిన్నది. మధ్యలో పాత వడ్రంగి బల్ల ఉంటుంది. పైన ఆకుపచ్చ రంగు దట్టంగా వేసి ఉంది. అడుగుభాగానికి, వేసినవాడు రంగు మిగుల్చుకున్నాడో ఏమో, పచ్చి చెక్కే. దుమ్ము లాగే ఫ్యాను హోరుమంటూ ఉంటుంది. బ్రిగిదా గారికి ఎడమ చెవి ముందే మందం. ముక్కుకు గుడ్డ కట్టుకుని, చూపు గరాటు మూతి మీద పెడితే ఆవిడకు ఇక ప్రపంచం లేదు.

గురువారం నేను ఆవిడ ఎడమ పక్కన బల్లకు ఆనుకుని నిలబడ్డాను.

"అబ్బ, ఎంత నిదానంగా పోస్తున్నారండీ!" అన్నాను మొదటి నిమిషంలోనే.

"ఊఁ."

కాసేపాగి, "ఇంతవరకు అద్భుతంగా ఉంది," అన్నాను.

"ఊఁ."

"ఈ చెయ్యి ఇంకో పదేళ్లు ఢోకా లేదు."

"మాట్లాడకు, ఊపిరి తగుల్తుంది."

ఊపిరి తగలకుండా తల పక్కకు తిప్పుకుని ఇంకో రెండుసార్లు మెచ్చుకున్నాను. మొత్తం ఐదుసార్లు. నేను లెక్క పెట్టుకున్నాను, ఎందుకంటే ఇంట్లో చెప్పుకోవాలి కదా, ఒక మనిషి ఉద్యోగం ఎలా నిలబెట్టానో.

గొట్టాన్ని పెళ్లికూతురిలా నడిపించి తెచ్చాను. గంటన్నర తరువాత తెర మీద గీత వచ్చింది. ఐదు మెట్లు. అంతవరకు వచ్చిన గొట్టాలన్నింటిలోకీ హీనమైనది. ఎవరైనా ఎక్కి మేడ మీదికి వెళ్లవచ్చు.

బ్రిగిదా గారికి కలీనా చెప్పింది. రెండో గొట్టం పొయ్యమని ఎవరూ అడగలేదు, ఆవిడా పొయ్యలేదు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి గరాటు, జల్లెళ్లు శుభ్రంగా తుడిచి, తువ్వాలు మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఆవిడ సరుకు గదిలో సంచులకు చీటీలు అతికిస్తున్నారు. సంతకం సోమవారం కదా అంటే, "సోమవారం దాకా ఎందుకు, శుక్రవారమూ మంచిదే," అన్నారు. నా వంక చూడలేదు.

 పదకొండింటికి, రెండో ఫలహారం వేళకు, కలీనా నా గదికి వచ్చింది, గాజు గ్లాసులో నిమ్మచెక్క వేసిన టీ పట్టుకుని. గ్లాసును నా స్కానర్ పక్కన ఉండే పొడుగాటి చెక్క బల్ల మీద పెట్టింది.

"ఆవిడ ఏం చేసేవారో తెలుసా?" అంది. "మూడు వారాల నుంచి ఇంట్లో రోజూ, అంచుదాకా టీ పోసిన గ్లాసు పట్టుకుని న్యూస్‌పేపర్ మీద నిలబడుతున్నారట. చుక్క పడుతుందేమోనని. నాతో అన్నారు. పడలేదట. అయినా చెయ్యి మోసం చేస్తోందనే అనుకుంటున్నారు, ఎందుకంటే స్కానర్ అబద్ధం చెప్పదని మీరన్నారు కదా."

"స్కానర్ అబద్ధం చెప్పదు," అన్నాను నీరసంగా.

"మరి మీరు ఉన్న రోజే ఎందుకు?"

"కంగారు కలీనా, కంగారు. నిన్న నేను ఎంత ధైర్యం చెప్పానో తెలుసా? ఐదుసార్లు మెచ్చుకున్నా."

కలీనా గ్లాసు ఎత్తబోయి ఆగింది. "ఎన్నిసార్లు?"

"ఐదు."

"మెట్లు ఎన్ని?"

"అదే కదా నా బాధ. మెచ్చుకున్నకొద్దీ ఆవిడకి కంగారు పెరిగింది. సరేలే, యంత్రం వచ్చాక నీ పని ఆగదు. నీ థీసిస్ అయితే చక్కగా పూర్తవుతుంది."

ఆ మాట అని, ఇంకేమీ చెయ్యకుండా కూర్చున్నాననే నేను అనుకున్నాను. కానీ కలీనా నా ముఖం చూడటం మానేసి టీ వంక చూస్తోంది. టీలో వలయాలు. అంచు నుంచి మధ్యకు, మధ్య నుంచి అంచుకు, నిమ్మచెక్క చిన్నగా ఊగుతోంది.

"ఇప్పుడు మీరేం చేశారు?" అంది.

"ఏం చేశాను?"

"మీ చెయ్యి ఎక్కడుంది?"

నా కుడిచెయ్యి బల్ల కింద ఉంది. వేలి కణుపులు పచ్చి చెక్కకు ఆనుకుని ఉన్నాయి.

మంచి మాట నోట్లోంచి వచ్చాక రంగు వెయ్యని చెక్కను మూడుసార్లు తట్టకపోతే ఆ మంచి నిలవదని మా అమ్మ నాకు నడక కంటే ముందు నేర్పింది. రంగు వేసిన చెక్కకు దిష్టి పోదు. అందుకని బల్ల పైన కాక అడుగున తడతాం. నేనొక్కడినే కాదు, ఊరంతా తడుతుంది. రెప్ప కొట్టినట్టు, ఎవరికీ తాము తట్టిన సంగతే గుర్తుండదు. మొదటి గొట్టాలప్పుడూ పక్కన నిలబడి ఏదో ఒక మంచి మాట అనే ఉంటాను. బ్రిగిదా గారిని మెచ్చుకున్న ప్రతిసారీ నేను ఆవిడ బల్లకు దిష్టి తీస్తున్నాను. ఆ బల్ల మీద, తుమ్మితే కూలే ఇసుక.

కలీనా చాలాసేపు నవ్వింది. ఆ తరువాత నవ్వు ఆపేసి, "ముందు ఆవిడకి చెప్పండి. ప్రొఫెసర్‌కి తరవాత," అంది.

"నువ్వూ రా."

"నేనెందుకు? తట్టింది నేనా?"

సరుకు గదిలో బ్రిగిదా గారు చీటీ వెనక జిగురు రాస్తున్నారు. అక్కడ కూడా చీటీలన్నీ ఒకే ఎత్తులో, అంగుళం తేడా లేకుండా ఉన్నాయి. నేను గుమ్మం దాటి లోపలికి వెళ్లి నిలబడ్డాను.

"ఏమిటి? మళ్లీ నిద్ర గురించి అడగడానికి వచ్చావా?"

"మీ చెయ్యి కాదు, నా చెయ్యి," అన్నాను.

"ఏం, నొప్పి పెడుతోందా?"

చెప్పాను. తిన్నగా రాలేదు. పన్ను పీకించుకున్న రోజు దగ్గర మొదలుపెట్టి, టీ వలయాల దాకా తిరిగి తిరిగి వచ్చాను. ఆవిడ జిగురు కుంచె డబ్బాలో పెట్టి, ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాగారు.

"చూపించు."

"ఏమిటి?"

"ఎలా తట్టావో చూపించు. అంతే గట్టిగా."

అక్కడున్న పచ్చి చెక్క పెట్టెను మూడుసార్లు తట్టాను. ఆవిడ పెట్టె మీద అరచెయ్యి ఆనించి పట్టుకుని, ఇంకోసారి తట్టమన్నారు. తట్టాను. కళ్లు మూసుకుని, "ఊఁ," అన్నారు.

 నేను తిడతారని ఎదురుచూశాను, తిడితే బాగుండేది.

"మా చెల్లెలి మనవరాలి పుట్టినరోజుకి కేకు చేశా, పోయిన ఆదివారం," అన్నారు చివరికి. "పంచదార జల్లమంటే, నువ్వే జల్లుకోవే అని దాని చేతికే జల్లెడ ఇచ్చేశా. నా చేత్తో జల్లితే అందరి ముందూ గుట్టలు గుట్టలుగా పడుతుందేమోనని. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఇరెక్."

"బ్రిగిదా గారూ, నేను..."

"ఉండు. నువ్వు తట్టినందుకు నాకేం కోపం లేదు. తట్టాల్సిందే. నువ్వు తట్టకపోతే నేనే తట్టేదాన్ని, గరాటు చేతిలో ఉండి సరిపోయింది గానీ. మన ప్రొఫెసర్ చెవిలో ఊదావే, చెయ్యి మునుపటిలా అని సగం మాట... అది నాతో అనుంటే సరిపోయేది. అదే రోజున, ఏదిరా నీ చెయ్యి చూపించు అని అడిగుండేదాన్ని."

 ఉన్ని చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాను. ఆవిడ చేతులు కడుక్కుని, నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి మడతపెట్టారు.

"పద ప్రొఫెసర్ దగ్గరికి. నేనూ వస్తా. నువ్వు సగం చెప్పి సగం మింగుతావు."

ప్రొఫెసర్ స్తెంకా మొత్తం విన్నాడు. నేను ఎక్కడ నసిగితే అక్కడ బ్రిగిదా గారు పూరించారు. ఆయన మీసం కింద నవ్వు దాచుకోవడానికి కిటికీలోంచి రేవు క్రేన్ల వైపు చూశాడు.

"ఇంత చిన్న విషయమా! అయితే మీ చేతికి ఏ లోపమూ లేదన్నమాట, చాలా సంతోషం," అంటూ ఆయన చెయ్యి బల్ల వైపు వెళ్లింది. బల్లకు వార్నిష్ ఉందని గుర్తొచ్చింది కాబోలు, ఒక పెన్సిల్ తీసి దాని చెక్కిన మొన వైపు తిప్పాడు.

బ్రిగిదా గారు పెన్సిల్ లాక్కుని జేబులో వేసుకున్నారు. "ఇంకా పొయ్యలేదు. పోశాక తట్టండి."

ఆయన ఎర్రబడ్డాడు. అయినా గీతలు నమ్మే మనిషి గీతే అడిగాడు. సోమవారం కాగితం తన బల్ల మీదే ఉంటుందనీ, ఆవిడ ఒక గొట్టం పోస్తే, దాని బొమ్మ చూశాక సంతకం పెట్టాలో చింపాలో తేలుస్తాననీ అన్నాడు.

"గదిలో ఎవరుంటారో నేను చెప్తా," అన్నారు బ్రిగిదా గారు.

సోమవారం ఆవిడ నన్ను గుమ్మం అవతల నిలబెట్టారు. మెచ్చుకోవాలనిపిస్తే నడవా చివరికి వెళ్లి మెచ్చుకోమన్నారు. తలుపు అద్దంలోంచి చూస్తున్నాను. వెన్ను నిటారుగా, మోచెయ్యి పక్కటెముకకు ఆనించి, గరాటును వెంట్రుకవాసి పైకి, ఇంకో వెంట్రుకవాసి పైకి. ఆ చెయ్యి కదులుతున్నట్టే ఉండదు, ఇసుక మాత్రం పెరుగుతూ ఉంటుంది. ఆరు నిమిషాలయ్యేసరికి నాకు ఎంత బాగా పోస్తున్నారో అనిపించింది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను.

పదకొండు నిమిషాలకు ఫ్యాను ఆగింది. ఆవిడ పళ్లెంలో గొట్టం పెట్టుకుని తలుపు దగ్గరికి వచ్చారు. నేను చేతులు చాపాను. అప్పుడు ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం. ఆవిడ గుమ్మం లోపల, నేను బయట. గుమ్మం మీదుగా ఎవరైనా ఎవరికైనా ఏదైనా అందిస్తారా? అరిష్టమని చెయ్యి కూడా కలపరు కదా.

"నేను లోపలికి రానా?" అన్నాను.

"నువ్వా? నా గదిలోకా? ఇంకా నయం."

"మరి?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "వెనక్కి జరుగు," అన్నారు. పళ్లెం పట్టుకుని ఆవిడే గుమ్మం దాటారు. దాటాక నాకిస్తారనుకున్నాను. ఇవ్వలేదు. నడవా వెంట తానే నడిచారు, మామూలు బూట్లతోనే, నా అంత డాబు లేకుండా, రెండింతల వేగంతో. నేను వెనక ఉన్ని చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లాను. గోడకు అతుక్కున్నవాళ్లు ఎవరూ ఈసారి అరవలేదు.

అప్పుడు తట్టింది నాకు, ఆవిడ ఈ ఆరేళ్లలో స్కానర్ గదికి ఎప్పుడూ రాలేదని. పోసినది పంపడమే తప్ప, లోపల ఎలా ఉందో ఒక్కసారీ చూడలేదు. ఎవరూ పిలవలేదు. నేనే పిలవాల్సింది.

గొట్టం తిరగడం మొదలుపెట్టాక ముక్కాలి పీట మీద కూర్చున్నారు. టీ ఇచ్చాను. గ్లాసు ఎడమచేత్తో తీసుకుని, ఎందుకో కుడిచేతికి మార్చుకుని తాగారు. కలీనా వచ్చింది, కాసేపటికి ప్రొఫెసరూ వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. గంటన్నరా ఏ మంచి మాటా నోట జారకుండా అందరం జాగ్రత్తగా ఉన్నాం.

తెర మీద గీత అడుగు నుంచి మొదలై పైకి వచ్చింది. నిటారుగా, ఎక్కడా విరగకుండా, చివరిదాకా. ప్రొఫెసర్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, నిలువునా రెండుసార్లు చింపి, నా చెత్తబుట్టలో వేశాడు. బ్రిగిదా గారు ఆయన పెన్సిల్ ఆయనకు తిరిగి ఇచ్చారు.

కలీనా ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఆవిడకు అదేమీ పట్టినట్టు లేదు. మెడ ముందుకు చాచి తెరలోకి చూస్తున్నారు.

"ఈ నల్లదంతా ఖాళీయేనా?"

"ఖాళీయే. నూటికి నలభై ఐదు పాళ్లు," అన్నాను.

"ఇంత ఖాళీయా! మరి ఎలా నిలబడిందిరా ఇది?"

"ఒకదాని మీద ఒకటి ఆనుకుని."

"ముక్కలు ముక్కలుగా చూపిస్తావటగా. చూపించు, అడుగు నుంచి."

ఒక్కొక్క ముక్కా పైకి నడిపించాను. తెల్లటి రేణువులు, మధ్యలో నల్లటి సందులు. ఒకటి వెళ్తే ఇంకొకటి, అన్నీ ఒకే పోలిక. ఆవిడ ప్రతి ముక్కనూ కొత్తదానిలా చూశారు. నాలుగువందల చిల్లర దగ్గర, "ఆగు," అన్నారు. "వెనక్కి. ఇంకొకటి వెనక్కి. అదేమిటి, ఆ వంకర తునక?"

"గవ్వ ముక్క. చిన్నది. గీతకి దానివల్ల ఏమీ కాదు, పట్టించుకోనక్కర్లేదు."

"నీకు కాదేమో." ఆవిడ పీట మీంచి లేచి, మడతపెట్టిన గుడ్డ విప్పి మళ్లీ నడుముకు కట్టుకున్నారు. "పొయ్యకముందు జల్లించినా గవ్వ ఇంత లోపలికి వచ్చిందంటే రెండో నంబరు జల్లెడ ఎక్కడో చిరిగింది. అమ్మాయ్, రా, వెలుతుర్లో పట్టుకుని చూద్దాం. ఇరెక్, నువ్విక్కడే ఉండు."